కృష్ణా జలాలను ఎకానమీ పేపర్‌లా చదివిన అనుభవం: గ్రూప్-1 మెయిన్స్ మిత్రులకు

జూనియర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, నీటి వనరుల టాపిక్ ఎంతవరకు చదవాలి? ట్రిబ్యునళ్లు, సంవత్సరాలు గుర్తుంటే చాలా?" చాలదు. తెలంగాణ గ్రూప్-1 సిలబస్‌లో ఇన్ని పేపర్లలో కలిసొచ్చే అంశం నాకు మరొకటి కనిపించలేదు. రెండో పేపర్‌లో జాగ్రఫీ కింద, మూడో పేపర్‌లో అంతర్రాష్ట్ర వివాదాల కింద, నాలుగో పేపర్‌లో వ్యవసాయం కింద, ఆరో పేపర్‌లో నీళ్లు, నిధులు, నియామకాల కింద అవే నీళ్లు వస్తాయి. ఎస్సేలోనూ రావచ్చు. నాలుగు చోట్ల నాలుగు నోట్సులు రాసుకోవడం మానేసి నేను ఒకే ప్రశ్న పట్టుకుని చదివాను. నీళ్లు తక్కువపడిన ఏడాది ఆ లోటు ఎవరి మీద పడుతుంది?

ఈ ప్రశ్న నాకు మా ఊరి నుంచే వచ్చింది. మాది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఒక మేజర్ (పెద్ద పిల్ల కాలువ) చివర. డ్యాం నిండిన ఏడాది కూడా మాకు నీళ్లు ఆలస్యంగానే అందుతాయి. నిండని ఏడాది పైనున్న తూములు తాగి మిగిల్చిందే మాకు. కాగితం మీద ఆయకట్టు అంతా ఒక్కటే. కాలువ మీద మాత్రం మొదటి ఎకరం హక్కు వేరు, చివరి ఎకరం హక్కు వేరు. రాష్ట్రాల మధ్య పంపకాన్ని కూడా ఇదే కళ్లతో చూడటం మొదలుపెట్టాక టాపిక్ మొత్తం విడిపోయింది.

దేశస్థాయి అంకెలు కొన్ని చాలు, వాటి మీద ఎక్కువ సమయం పెట్టకండి. ప్రపంచ జనాభాలో దాదాపు 18 శాతం, మంచినీటి వనరుల్లో దాదాపు 4 శాతం మనవి. తలసరి లభ్యత 1951లో 5,177 ఘనపు మీటర్లు ఉండగా 2011 నాటికి 1,545కి తగ్గింది. 1,700 కంటే తగ్గితే నీటి ఒత్తిడి, 1,000 కంటే తగ్గితే కొరత అంటారు. అయితే ఈ సగటు గోదావరినీ పెన్నానూ ఒకే గాటన కట్టేస్తుంది కాబట్టి జవాబులో ఒక్క వాక్యానికి మించి దానికి చోటివ్వకండి.

అసలు సారం కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో ఉంది. 1969లో ఏర్పడి, 1973లో తీర్పు, 1976లో తుది నివేదిక ఇచ్చిన ఆ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయత మీద కృష్ణాలో 2,060 టీఎంసీలు (1 టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు) ఉన్నాయని తేల్చింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 వచ్చాయి. పొలాల నుంచి నదికి తిరిగి చేరే నీటి వాటా కలిపితే మన 800 కాస్తా 811 అయింది. ఈ అంకెలు అందరికీ వచ్చు. 75 శాతమే ఎందుకన్నది మాత్రం జవాబుల్లో అరుదుగా కనిపిస్తుంది. నూరేళ్లలో 75 ఏళ్లు కనీసం అంత నీరు వస్తుందని దాని అర్థం. అంటే నాలుగేళ్లకోసారి లోటు తప్పదని ముందే ఒప్పుకుని పంచారన్నమాట. ఆ శాతం తగ్గించే కొద్దీ కాగితం మీద పంచుకునే నీరు పెరుగుతుంది, లోటు వచ్చే ఏళ్లూ పెరుగుతాయి. ఎంత ధైర్యం చేయాలన్నది ఇంజినీరింగ్ లెక్క ఒక్కదానితో తేలదు. రిస్క్ ఎవరు మోయాలన్నది ఆర్థిక నిర్ణయం.

దానికి కొనసాగింపే మిగులు జలాల కథ. 2,060కి పైన వచ్చే నీటిని నది చివర ఉన్న ఉమ్మడి రాష్ట్రం వాడుకోవచ్చు, కానీ దాని మీద హక్కు ఏర్పడదని బచావత్ చెప్పారు. ఆ వెసులుబాటు మీదే కల్వకుర్తి, నెట్టెంపాడు, హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ లాంటి పథకాలు లేచాయి. పెట్టుబడి ఖాయం, హక్కు మాత్రం అనుమానం. తర్వాత 2004లో ఏర్పడ్డ బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 65 శాతం విశ్వసనీయతనూ, సగటు ప్రవాహం వరకు ఉన్న మిగులునూ లెక్కలోకి తెచ్చింది. 2013 నివేదికలో ఉమ్మడి రాష్ట్రానికి 1,005, కర్ణాటకకు 907, మహారాష్ట్రకు 666 టీఎంసీలు చూపింది. మన వాటా అంకె పెరిగింది కదా, మరి ఎందుకు వ్యతిరేకించారు? అప్పటిదాకా కిందికి వదలక తప్పని నీటిని పైనే ఆపుకునే హక్కును ఆ నివేదిక ఎగువ రాష్ట్రాలకు చూపింది కాబట్టి. తక్కువ వాన పడ్డ ఏడాది లోటంతా నది చివరికి జరుగుతుంది. మా మేజర్ చివర జరిగేదీ ఇదే.

రూమ్మేట్ తెనాలి దగ్గరివాడు. తను ఏపీపీఎస్సీకి, నేను టీజీపీఎస్సీకి చదివేవాళ్లం. 811లో 2015 నుంచి తాత్కాలికంగా నడిచిన ఏపీకి 512, తెలంగాణకు 299 పంపకం మీద మా ఇద్దరికీ రోజూ వాదనే. ఒకరోజు పక్షాలు మార్చుకుని వాదించాం. డెల్టా వైపు నిలబడి మాట్లాడాల్సి వచ్చినప్పుడే నాకు తెలిసింది, 1960 సెప్టెంబరు నాటికి ఉన్న వాడకాలకు బచావత్ ఎందుకు రక్షణ ఇచ్చారో. విజయవాడ ఆనకట్ట 1855 నాటిది. దాన్ని నమ్ముకుని తరతరాలుగా పొలాలు, ఊళ్లు, అప్పులు, పెళ్లిళ్లు నిలబడ్డాయి. తెలంగాణ తరఫున మాట్లాడినప్పుడు వాడికీ ఒకటి అర్థమైంది. ముందు వాడుకున్నవాడిదే హక్కు అనే సూత్రం వెనకబడ్డ ప్రాంతాన్ని వెనకనే ఉంచేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో మూడింట రెండొంతులు తెలంగాణదే అయినా వాటా మూడో వంతుకు కాస్త పైన ఆగిపోయింది. ఈ రెండు వాదనలూ ఒకే జవాబులో నిజాయితీగా రాయగలగాలి. మీ ప్రాంతం మీద ప్రేమ ఉండనివ్వండి, జవాబులో మాత్రం ఎదుటివాడి బలమైన వాదనకు చోటివ్వండి.

ఇక లెక్కల దగ్గరికి వస్తాను. ఈ ఒక్క లెక్క మీ చేత్తో మీరే చేసుకోండి. 1 టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు, దాదాపు 23 వేల ఎకరా-అడుగులు. వరికి పంటకాలమంతా కలిపి 4 అడుగుల నీరు పెడతామనుకుంటే 1 టీఎంసీతో సుమారు 5,700 ఎకరాలు పండుతాయి. 2 అడుగులతో సరిపోయే ఆరుతడి పంటకైతే అంతకు రెట్టింపు. అదే నీటిని పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఇస్తే సుమారు 5 లక్షల 70 వేల మందికి ఏడాది పొడవునా సరిపోతుంది. అంటే ఒక ఎకరం వరి నీరు నూరుమందికి ఏడాది నీరు. అవకాశ వ్యయం (ఒకదానికి వాడినందుకు వదులుకున్న మరో ప్రయోజనం) అనే భావనను నిర్వచనంతో కాకుండా ఈ రెండు వాక్యాలతో రాస్తే పేపర్ దిద్దేవారికి మీకు విషయం తెలుసని వెంటనే అర్థమవుతుంది.

అయితే అక్కడే ఆగిపోతే జవాబు సగమే. నగరం తోడుకున్న నీరంతా ఖర్చయిపోదు. బచావత్ తీర్పులో తాగునీటికి తోడిన దానిలో 20 శాతాన్నే, పరిశ్రమలకు తోడిన దానిలో 2.5 శాతాన్నే వాడకంగా లెక్కించమన్నారు. హైదరాబాద్‌కు మూడు దశల్లో తెచ్చిన కృష్ణా నీరు 16.5 టీఎంసీలు అయితే, ఈ లెక్కన వాడకం 3.3 మాత్రమే. మిగిలింది మురుగుగా మూసీలోకి పోయి కింద పొలాలకు పారుతోంది. ఏ నాణ్యతతో పారుతోందో మూసీ ఒడ్డు రైతులను అడగాలి. తోడటం వేరు, ఖర్చు చేయడం వేరు అనే ఈ తేడా తెలిస్తే డ్రిప్ మీద కూడా జాగ్రత్తగా రాస్తారు. పైరైతు పొలంలో ఆగిన ఊట కిందిరైతు బావికి చేరే నీరే కావచ్చు. దాన్ని పొదుపు అని రాసేముందు ఆ నీరు అంతకుముందు ఎటు పోయేదో చూడాలి.

ధర గురించి ఒక మాట. నీరు ఆర్థిక వస్తువు అని 1992 డబ్లిన్ సూత్రాలు అన్నాయి కాబట్టి ధర పెంచితే పొదుపు వస్తుందని రాసి ముగించేవాళ్లు చాలామంది. మన కాలువల కింద నీటి తీరువా ఎకరానికి, పంటకు వేసేది. 1990ల చివరలో ఉమ్మడి రాష్ట్రం దాన్ని తరి పంటకు ఎకరానికి 200 రూపాయలకు పెంచింది. 3 అడుగులు పెట్టినా 5 అడుగులు పెట్టినా అదే 200. ఇంకో తడి పెట్టడానికి అదనపు ఖర్చు సున్నా అయినప్పుడు ఆ రేటు ఎంత పెంచినా పొదుపు రాదు. కాలువ మరమ్మతులకు డబ్బు మాత్రం వస్తుంది. సాగునీటి ధరల మీద వేసిన 1992 నాటి వైద్యనాథన్ కమిటీ అందుకే కొలిచి అమ్మడం, రైతు సంఘాలకు మొత్తంగా ఇవ్వడం వైపు అడుగులు వేయమంది. 1997లో రైతుల యాజమాన్య చట్టం తెచ్చి 10 వేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టిన రాష్ట్రం మనది. కానీ తూముల దగ్గర కొలత రాలేదు. రైతు డబ్బు కట్టడు అన్న మాట మాత్రం రాయకండి. కాలువ చివర ఉన్న రైతు బోరుకు, మోటారుకు, ఆయిలింజన్‌కు ఎప్పటి నుంచో కడుతున్నాడు. ఆయనకు కావలసింది వస్తుందో రాదో ముందే తెలియడం.

ఆ ముందే తెలియడానికి మన దగ్గర పాత పద్ధతి ఉంది, తైబందీ. యాసంగికి ముందు చెరువులో, ప్రాజెక్టులో ఉన్న నీరు చూసి ఈసారి ఎన్ని ఎకరాలకు, ఏ కాలువ కింద, తరికా ఆరుతడికా అని ఖరారు చేస్తారు. ధర లేకుండా, మార్కెట్ లేకుండా కొరతను పంచే ఏర్పాటు ఇది. మిషన్ కాకతీయ గురించి రాసేటప్పుడు 46 వేలకు పైగా చెరువుల పూడికతీత లక్ష్యంతో ఆపేయకుండా, ఆ చెరువు కింద నీరు పంచే నీరటి వ్యవస్థ ఏమైందో కూడా రెండు వాక్యాలు రాయండి. ఉమ్మడి వనరును వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని ఎలినార్ ఓస్ట్రోమ్ చూపించారు. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆమె తొలి పరిశోధన లాస్ ఏంజెలెస్ ప్రాంతపు భూగర్భజలాల మీదే.

భూగర్భజలాల్లో లోటు ఎవరి మీద పడుతుందో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1882 ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం భూమి ఎవరిదో కింది నీరు వాళ్లదే. దానికి 2004 నుంచి ఉచిత కరెంటు తోడైంది. మోటారు ఇంకో గంట నడిపితే రైతుకు ఖర్చు లేదు, కానీ పక్క బోరు మట్టం దిగుతుంది. ఇంకా లోతుకు వెళ్లగల స్తోమత ఉన్నవాడికి నీరు, లేనివాడికి ఎండిన బోరు, దాని మీద అప్పు. అంటే ఉచితం అన్నదాని ధరను చిన్నరైతు డ్రిల్లింగ్ బిల్లు రూపంలో కడుతున్నాడు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టంలో బావుల నమోదు, దూరాల నిబంధనలు ఉన్నాయి. వాటికంటే నన్ను ఎక్కువ ఆకట్టుకుంది మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం, ప్రకాశం సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు. రైతులే బావుల మట్టం, వాన కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకునేవారు. నిషేధం లేదు, రుసుము లేదు. చేతిలో కొలత ఉంటే నిర్ణయం మారుతుందన్న నమ్మకం మీద నడిచింది. కేస్ స్టడీ అడిగితే నేను ముందు దీన్నే రాస్తాను.

విదేశీ ఉదాహరణ ఒక్కటి చాలు, ఆస్ట్రేలియాలోని మర్రే-డార్లింగ్ నదుల బేసిన్. 1995లో మొత్తం తోడకానికి పరిమితి పెట్టి, క్రమంగా నీటి హక్కును భూమి నుంచి విడదీసి, అమ్ముకునే వీలిచ్చారు. ఆ తర్వాతి పెద్ద కరువులో నీరు వరి నుంచి తోటలకు మళ్లింది, వరి సాగు దాదాపు ఆగిపోయింది. మన దగ్గర కుదురుతుందా? కొలత లేని తూము దగ్గర అమ్మకం సాగదు, కౌలురైతుకు నీటి మీద హక్కు పత్రమే లేదు. అయినా ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. 1980 గోదావరి తీర్పులో చేరిన ఒప్పందం చూడండి. పోలవరం నుంచి 80 టీఎంసీలు కృష్ణా డెల్టాకు మళ్లిస్తే, అక్కడ ఆదా అయ్యే కృష్ణా నీటిలో 35 టీఎంసీలు కర్ణాటక, మహారాష్ట్రలకు, 45 సాగర్ ఎగువన ఉమ్మడి రాష్ట్రానికి. డబ్బు చేతులు మారని నీటి మార్పిడి ఇది. ఆ 45లో ఇప్పుడు ఎవరికెంత అన్నది రెండు రాష్ట్రాల మధ్య నలుగుతున్న విషయం.

జవాబు రాసే పద్ధతిలో నాకు పనికొచ్చినవి చెబుతాను. కృష్ణా గీత ఒకటి గీసి, దాని మీద ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ వరుసగా గుర్తించడం అర నిమిషం పని. ప్రతిరోజూ గీసి అలవాటు చేసుకోండి. రాజ్యాంగం 262వ అధికరణం, 1956 అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం, 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 84, 85, 89 సెక్షన్లను విడిగా బట్టీ పట్టకుండా వివాదం ఏ మెట్టు దగ్గర ఉంటే ఆ మెట్టు దగ్గర వాడండి. 2023 అక్టోబరులో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపకాన్ని కేంద్రం మళ్లీ బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కే అప్పగించింది. ఆ విచారణ వార్తల్లో తేదీల కంటే ఇరుపక్షాల వాదనలు రాసుకోండి. ఒక పేజీలో ఎడమవైపు తెలంగాణ, కుడివైపు ఏపీ.

ఈ వారం ఈ ప్రశ్న టైమ్ పెట్టుకుని రాయండి: "కృష్ణా బేసిన్‌లో లోటు సంవత్సరంలో నీటి పంపకానికి పరిమాణం, ధర, సామూహిక నియమం అనే మూడు మార్గాల్లో ఏది ఎక్కడ పనిచేస్తుంది?" రాశాక మీ పేపర్ అవతలి రాష్ట్రం మిత్రుడికి ఇచ్చి దిద్దించండి. మా తెనాలి వాడు నా పేపర్ మార్జిన్‌లో పెట్టిన ప్రశ్నార్థకాలు నాకు ఏ టెస్ట్ సిరీస్ కంటే ఎక్కువ నేర్పాయి.