మేడ మీది చిట్టి టమాటాలు: రకం ఎంచుకునే ముందు

విజయనగరంలో మా మేడ మీద చెర్రీ టమాటాలు పెంచడం మొదలుపెట్టి ఇది నాలుగో ఏడు. మొదటి ఏడాది రకం పేరైనా చూడకుండా, ప్యాకెట్టు మీది ఎర్రటి బొమ్మకు మురిసి విత్తనాలు కొన్నాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, గుత్తులు గుత్తులుగా కాశాయి, కాని పండు కొరికితే ముందు తోలు తగిలింది, ఆ తరువాత నీళ్లు తగిలాయి, రుచి మాత్రం ఎక్కడా తగలలేదు. పెంపకంలో లోపమేమో అనుకుని గత్తం ఎక్కువ వేశాను. ఆకు దట్టమైంది తప్ప పండు మారలేదు.

తప్పు రకం ఎంపికలోనే ఉందని తరువాత తెలిసింది. అమ్మకానికి పండించేవారికి లారీ కుదుపులకు పగలని తోలు, వారం రోజులు నిలిచే గట్టిదనం, ఒకే తీరున పండే కాపు కావాలి. మేడ మీంచి వంటింటికి ఇరవై మెట్లు దిగే పండుకు ఇవేవీ అక్కర లేదు. ఒకే తీరున పండేలా రకాలను ఎంచుకుంటూ పోవడం వల్ల రుచి కొంత పోయిందని 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. పచ్చికాయ తొడిమ దగ్గర ముదురాకుపచ్చ రంగును కలిగించే జన్యువు ఆ రకాల్లో చెడిపోవడంతో కాయలో పత్రహరితం తగ్గి, దానితో పాటే చక్కెరలూ తగ్గాయి. అందువల్ల ఇప్పుడు నేను ఎవరి పెరటికి వెళ్లినా పండు కంటే ముందు పచ్చికాయ భుజాలు, అంటే తొడిమ చుట్టూ ఉండే భాగం, ముదురాకుపచ్చగా ఉన్నాయా అని చూస్తాను.

రుచి అంటే తీపి ఒక్కటే కాదు. చక్కెర, పులుపు, వాసననిచ్చే పదార్థాలు మూడూ సమపాళ్లలో కుదిరితేనే అది టమాటా రుచి. రెండో ఏడాది వేసిన సన్‌గోల్డ్ ఈ విషయాన్ని మా ఇంట్లో తేల్చింది. జపానుకు చెందిన టొకిటా విత్తన సంస్థ 1992లో తెచ్చిన ఈ నారింజ రంగు హైబ్రిడ్ తీపికి పేరుపడ్డది; ముదురు నారింజ రంగు వచ్చేదాకా చెట్టునే ఉంచి కోస్తే పండ్లరసం తాగినట్టే ఉంటుంది. మా అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని, "ఏటమ్మా ఇది, బాగానే ఉంది గానీ పులుపే నేదు, దీంతో చారెలా కాస్తావు?" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమే. సన్‌గోల్డ్ ఊరికే తినడానికి, పిల్లల డబ్బాలో పెట్టడానికి బాగుంటుంది. తోలు పలుచన కావడంతో ఒక్క వాన పడితే పండ్లు పగులుతాయి. పైగా హైబ్రిడ్ కనుక దాని విత్తనం దాచి నాటితే అదే పండు రాదు.

చారుకు, రోటి పచ్చడికి మా ఇంట్లో నిలిచినది బ్లాక్ చెర్రీ. పండినా పత్రహరితం పూర్తిగా పోకపోవడంతో ఎరుపు, ఆకుపచ్చ కలిసి వంకాయ రంగు గోధుమ ఛాయ వస్తుంది. తీపి వెనకాల పులుపు, ఆ వెనక కొంచెం ఘాటు తెలుస్తాయి. మెక్సికో అడవి జాతి నుంచి వచ్చిన మాట్స్ వైల్డ్ చెర్రీ కామంచి పండు కంటే కాస్త పెద్దదంతే, రుచి మాత్రం గాఢంగా ఉంటుంది. అయితే దాని తీగ అదుపులో ఉండదు, గిన్నెడు పండ్లు కోయడానికి అరగంట పడుతుంది. ఎల్లో పియర్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, తినడానికి చప్పగా ఉంటుంది; ఒక్కసారి వేసి మానేశాను.

పేరున్న రకమైనా మన వాతావరణానికి తగిన వేళలో వేయకపోతే దండగే. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటే రోజులు వరుసగా వస్తే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. అందుకే వినాయక చవితి వెళ్లిన పది రోజులకు నారు పోసి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యాక మొక్కలను ఇరవై లీటర్ల కుండీల్లోకి మారుస్తాను. అక్టోబరు తుపాన్ల కాలం (2018లో తిత్లీ వచ్చినదీ ఆ నెలలోనే) కనుక వెదురు కర్రలకు కట్టి, కుండీలను పిట్టగోడ చాటున పెడతాను. ఇలా వేసిన వాటికి సంక్రాంతి నాటికి మంచి కాపు వస్తుంది.

కాయ రంగు తిరిగాక నీళ్లు తగ్గించడం మా ఇంట్లో నేను పట్టుబట్టే నియమం. మొక్క వాడకూడదు, కాని రోజూ తడి ముద్దగా ఉంటే పండు చప్పబడుతుంది. కోసిన పండ్లను ఫ్రిజ్‌లో పెట్టనివ్వను. 12 డిగ్రీల కంటే తక్కువ చలిలో వాసన పోతుంది.

మార్చి రెండో వారం నుంచి ఎండ ముదిరి, ఎర్ర రకాలు కూడా నారింజ ఛాయకు తిరుగుతాయి, ఎందుకంటే ఎర్రరంగునిచ్చే లైకోపీన్ ఆ వేడిలో సరిగా తయారు కాదు. అప్పటికి నేను బ్లాక్ చెర్రీలో బాగా పండిన నాలుగు కాయలు ఎంచి, గుజ్జుతో సహా గ్లాసులో రెండు రోజులు పులియబెట్టి, కడిగి, గింజలను పళ్లెంలో నీడన ఆరబెడతాను. ఈ ఏడాది ఆ పళ్లెం పక్కనే అత్తయ్య తన వంకాయ గింజలు కూడా ఆరబెట్టారు.