ఫ్యాను ఆపిన గది, పదివేల మైకు

ఆదివారం. పొద్దున్నుంచి ముసురు.

ఇవాళ్టి పని ఒకటే. తంబూర శ్రుతి మీద ఇంట్లో కీర్తన పాడి రికార్డు చేసుకోవడానికి పదివేలకు అటూ ఇటూ ఏ కండెన్సర్ మైకు (సన్నని శబ్దాలనీ పట్టే స్టూడియో రకం) సరిపోతుందో తేల్చుకోవడం. మైకుల జాబితా ముందేసుకుని కూచుంటే సాయంత్రానికి తల వాచిపోతుంది తప్ప ఏదీ తేలదు. ముందు గదిని వినాలి.

అయిదున్నరకి ఫ్యాను ఆపి, ఫ్రిజ్ కంప్రెసర్ ఆగేదాకా చూసి, రెండు నిమిషాలు ఊరికే కూచుంటే గది అసలు సంగతి బయటపడుతుంది. పక్కవాటా నీళ్ల మోటారు, కింద పాలబండి, పాత ట్యూబులైటు చోకు గుయ్యిమనడం, లాప్‌టాప్ లోపలి చిన్న ఫ్యాను. కిటికీ మూసి అన్నీ ఆపిన మామూలు పడగ్గది అర్ధరాత్రి 30 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. పగలు రోడ్డువైపు గదయితే 40 ఎక్కడికీ పోదు. ఫోన్ యాప్ చూపించే అంకె కచ్చితమైనది కాదు. కానీ ఒకే ఫోన్‌తో ఒకేచోట కొలిస్తే ఏ వేళ నయమో పోల్చుకోవడానికి చాలు.

ఈ అంకె పక్కన మైకు సొంత రొదను పెట్టి చూడాలి. స్పెసిఫికేషన్ కాగితంలో సెల్ఫ్ నాయిస్ అని ఉండేది అదే. ఆడియో టెక్నికా ఏటీ2020కి అది 20 డెసిబెల్స్. రోడ్ ఎన్‌టీ1-ఏకి 5. పదిహేను డెసిబెల్స్ తేడా అనగానే గుండె జారుతుంది, జేబు తడుముకుంటాం. కానీ రొదలు మామూలు కూడికలా కూడవు. గది 30, మైకు 20 అయితే మొత్తం 30.4. అర డెసిబెల్ కూడా పెరగలేదు. గది 25కి దిగితే మొత్తం 26.2, అంటే అప్పుడు మైకు కాస్త కనబడుతుంది. గది 40 ఉన్న ఇంట్లో 5 డెసిబెల్స్ మైకు కొనడం వాననీళ్లు పట్టుకోడానికి వెండి బిందె పెట్టినట్టే.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, దాచకూడదు. గది రొద ఎక్కువగా కింది స్థాయిలో ఉంటుంది, హోరులాగా. మైకు రొద పైస్థాయిలో సన్నగా సుయ్‌మంటుంది. హోరును 80 హెర్ట్‌జ్ కిందిదాన్ని తగ్గించే లోకట్ అనే వడపోతతో చాలావరకు కోసెయ్యొచ్చు. సుయ్‌మనేదాన్ని కోస్తే గొంతులో గాలీ దానితోపాటే పోతుంది. పైగా రికార్డింగు మీద కంప్రెసర్ (ఫ్రిజ్‌ది కాదు, గట్టి చోట్లని నొక్కి పాటని సమం చేసే పనిముట్టు) వేసి, తగ్గిన 6 డెసిబెల్స్ మళ్లీ పెంచితే రొద కూడా ఆ 6 పెరుగుతుంది. అందుకని నెమ్మదైన ఆలాపనలు, జోలపాటలు, చెవిలో చెప్పినట్టు చదివే కథలు అర్ధరాత్రి రికార్డు చేసేవాళ్లకి తక్కువ రొద ఉన్న మైకు మీద డబ్బు పెట్టడం దండగ కాదు. తారస్థాయిలో గొంతెత్తి పాడేవాళ్లకి 20 డెసిబెల్స్ మైకు చాలు. ఏకేజీ పీ120 కూడా దాదాపు అదే కోవ, 19. దానికి సంకేతాన్ని 20 డెసిబెల్స్ తగ్గించే మీట, లోకట్ మీట అదనం.

అసలు పేచీ రొద దగ్గర కాదు, సకారాల దగ్గర. దీని వెనక కొంచెం చరిత్ర ఉంది. నాయిమన్ 1960లో తెచ్చిన యూ67 మైకులో కే67 అనే క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే ముక్క) పైస్థాయిని కావాలనే ఎత్తి పట్టుకుంటుంది. లోపలి సర్క్యూట్ ఆ ఎత్తును దించుతుంది. ఎత్తడం, దించడం కలిసి ఒక జోడీ. చౌక మైకుల్లో చాలావాటిలో క్యాప్సూల్‌ని మాత్రం ఆ తరహాలో చేసి, దించే భాగం లేని సాదా సర్క్యూట్ తగిలించారు. ఇక మిగిలేది ఎత్తే. మొదటి రోజు "ఆహా, ఎంత స్పష్టంగా ఉందో" అనిపిస్తుంది. మూడో పాటకి చెవులు గీరుకుపోతాయి. తెలుగుకి ఈ బాధ కాస్త ఎక్కువే. స, శ, ష లకు తోడు చలి, చుక్క, జున్ను, జోల లాంటి మాటల్లో పళ్ల మీద పలికే చ, జ లు కూడా ఉన్నాయి కదా. కొనేముందు నమూనా రికార్డింగులు వింటే ఇంగ్లీషు పాటలే దొరుకుతాయి, అవి సగమే చెబుతాయి. తెలుగులో ఎవరైనా అదే మైకుతో చదివింది దొరికితే, ఏ ఎఫెక్టూ వెయ్యనిది, ఒక్క నిమిషం చాలు. సకారం దగ్గర భుజాలు బిగుసుకుంటే ఆ మైకు వదిలెయ్యడమే.

ఎలక్ట్రెట్ అన్న మాట చూసి తీసిపారెయ్యడం ఇంకో పొరపాటు. పలచని పొర, దాని వెనక పలక, మధ్యలో విద్యుదావేశం: కండెన్సర్ అంటే ఇంతే. ఆ ఆవేశాన్ని బయటినుంచి ఇవ్వొచ్చు, లేదా తయారీలోనే శాశ్వతంగా నింపెయ్యొచ్చు. రెండోదాన్ని బెల్ ల్యాబ్స్‌లో సెస్లర్, వెస్ట్ 1962లో సాధించారు. ఏటీ2020 ఆ రకమే. మరి దానికి తీగ గుండా పంపే 48 వోల్టులు ఎందుకంటే, లోపలి చిన్న యాంప్లిఫయర్ నడవడానికి.

వెయ్యి, పదిహేను వందల్లో స్టాండుతో సహా వచ్చే బీఎం-800 అనే చౌక మైకు కిట్ల సంగతి కూడా రాసుకోవాలి. పెద్ద జాలీ లోపల తరచూ ఉండేది బొత్తాం అంత ఎలక్ట్రెట్ గుళిక. పెట్టెలో వచ్చే తీగకి ఒక కొస ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు కొస), ఇంకో కొస హెడ్‌ఫోన్ పిన్ను. లాప్‌టాప్ ఆ పిన్నుకిచ్చేది కొద్ది వోల్టులే. అందుకే శబ్దం నీరసంగా వస్తుంది, గెయిన్ (సంకేతాన్ని పెంచే మీట) పూర్తిగా పెంచితే లాప్‌టాప్ సౌండు కార్డు రొద అంతా పైకి తేలుతుంది. అదే మైకుని సరైన 48 వోల్టుల పెట్టెకి మూడు పిన్నుల తీగతో కలిపితే కాస్త మెరుగుపడుతుంది. కానీ ఆ పెట్టె కొనేవాళ్లు ఈ మైకు ఎందుకు ఉంచుకుంటారు?

పెట్టె అంటే ఆడియో ఇంటర్‌ఫేస్, మైకు సంకేతాన్ని కంప్యూటర్‌కి అందించేది. బడ్జెట్‌లో దీన్ని మరిచిపోయి మైకు తెచ్చుకుని, తీరా గుచ్చడానికి చోటు లేక బిక్కమొహం వేసేవాళ్లే ఎక్కువ. 48 వోల్టుల మీట ఉండాలి, 24 బిట్ ఉండాలి, పాడేవాళ్లకి తమ గొంతు ఆలస్యం లేకుండా వినిపించే డైరెక్ట్ మానిటర్ ఉండాలి. ఈ మూడూ లేని పెట్టె వద్దు. యూఎస్‌బీ మైకు ఒంటరిగా మాట్లాడేవాళ్లకి హాయి. రేపు వీణకో మృదంగానికో రెండో మైకు కలపాలంటే కంప్యూటర్ రెండింటినీ ఒక తాటి మీద నడపనని మొరాయిస్తుంది.

రోడ్డు పక్క ఇంటికి కండెన్సర్ వద్దు, డైనమిక్ (వేదికల మీద చేత్తో పట్టుకునే రకం) తీసుకోమని పదిమందీ చెబుతారు. కండెన్సర్ గదినంతా లాక్కుంటుందని కారణం. ఇది సగం నిజమే. ఏటీ2020 ఇచ్చే సంకేతం డైనమిక్ మైకు షూర్ ఎస్ఎమ్58 కన్నా సుమారు 17 డెసిబెల్స్ ఎక్కువ, నిజమే. కానీ గెయిన్ తిప్పి రెండింట్లో గొంతుని ఒకే మట్టానికి తెచ్చాక, దూరం ఒకటే, రెండూ కార్డియాయిడ్ (ముందువైపు బాగా, వెనకవైపు తక్కువగా వినే రకం) అయినప్పుడు, గది కూడా ఇంచుమించు సమానంగానే వినబడుతుంది. డైనమిక్ ముందు పెదవులు ఆనించి పాడతారు, దాని పైస్థాయి కాస్త మొద్దు. ఆ రెండింటి వల్లా గది తగ్గినట్టుంటుంది. దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఏ మైకుకైనా గదిని ఓడించే ఆయుధం అదే.

మధ్యాహ్నం కుక్కర్ కూతలయ్యాక, అమరిక.

మూతికీ మైకుకీ మధ్య జానెడు కన్నా కాస్త తక్కువ, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు. పాప్ ఫిల్టర్ (నోటి గాలిదెబ్బని ఆపే పలచని తెర) మైకుకి బెత్తెడు దూరంలో. ఇంకా దగ్గరికెళితే మంద్రం ఉబ్బి గుమ్మటంలా మోగుతుంది, కార్డియాయిడ్ స్వభావమే అంత. దాన్ని మగగొంతుకి నిండుతనంగా వాడుకునేవాళ్లూ ఉన్నారు, కానీ చరణం అంతా అదే దూరంలో నిలబడగలగాలి. మైకుని ముక్కు ఎత్తులో పెట్టి, నోటివైపు కొద్దిగా వంచి, పక్కకి 15 డిగ్రీలు తిప్పితే ప, బ, ఫ, భ ల గాలిదెబ్బ తప్పిపోతుంది, సకారాల పదునూ కొంత మొద్దుబారుతుంది. ఇది ఖర్చులేని మందు, ఈక్వలైజర్ కన్నా ముందు వాడాల్సింది. ఈ రకం మైకులకి పాడాల్సింది పైకొసలోకి కాదు, గుర్తు ముద్రించి ఉన్న పక్కలోకి. అరచేతి మైకు అలవాటున్నవాళ్లు కొసకి పాడి, గొంతు దూరంగా వస్తోందని మైకుని తిడతారు.

బొంతలు ఎక్కడ కట్టాలి? అందరూ మైకు వెనక ఫోమ్ అంటిస్తారు. కార్డియాయిడ్‌కి వెనకవైపు చెవుడు. అది చూసేది పాడేవాళ్ల వీపు వెనక గోడని. కాబట్టి గదిలో దండెం కట్టి, పాడేవాళ్ల వెనక, గోడకి జానెడు ఎడంగా రెండు దళసరి బొంతలు వెయ్యాలి. అంగుళం మందం ఫోమ్ పలకలు పైస్థాయిని పీల్చి కిందిది వదిలేస్తాయి, గది డబ్బాలా తయారవుతుంది. నాపరాళ్ల గచ్చు మీద చాప, దాని మీద పాత పరుపు. బట్టలు నిండిన బీరువా తలుపులు తీసిపెట్టినా కొంత పనిచేస్తుంది.

సాహిత్యం రాసుకున్న పుస్తకం కూడా చిన్న గోడే. దాని మీద పడి మైకుకి చేరే శబ్దం నేరుగా వచ్చేదానికన్నా 34 సెంటీమీటర్లు ఎక్కువ నడిస్తే ఒక మిల్లీసెకను ఆలస్యం. 500, 1500, 2500 హెర్ట్‌జ్ దగ్గర గొంతు కోసుకుపోయి గంట్లు పడతాయి. గొంతు డొల్లగా ఉందంటే ముందు పుస్తకాన్ని పక్కకి వంచి, స్టాండు మీద తువ్వాలు వేసి చూడాలి. తంబూర శ్రుతి మూసివుండే హెడ్‌ఫోన్స్‌లోనే. ఒక చెవి తీసి పాడే అలవాటుంటే ఆ పక్క శబ్దం ఆపెయ్యాలి, లేకపోతే శ్రుతి మైకులోకి కారుతుంది, తర్వాత తియ్యలేం.

కలిపే వరస: గెయిన్ సున్నా, తీగ గుచ్చడం, అప్పుడు 48 వోల్టులు, పది సెకన్లు ఆగి గెయిన్. పాటలో అన్నిటికన్నా గట్టి పంక్తి పాడుతూ రికార్డింగు మీటర్ మీద శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్, మహా అయితే మైనస్ 10 దగ్గర ఆగేలా. తీసేటప్పుడు వరస తిరగెయ్యాలి. 48 ఉండగా తీగ పీకితే టప్‌మన్న దెబ్బ హెడ్‌ఫోన్స్‌లోంచి చెవులకే తగులుతుంది. ఛార్జర్ గుచ్చినప్పుడే గుర్రుమంటుంటే తప్పు మైకుది కాదు, ఇంటి ఎర్తుదో ఛార్జర్‌దో. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద రికార్డు చెయ్యడం ఆ పూటకి చాలు.

సాయంత్రం వాన పెరిగింది. కొత్త మైకు వాపసు గడువు లోపల చూడాల్సినవి: పాడే గెయిన్ దగ్గరే ఉంచి ఒక నిమిషం మౌనం రికార్డు చెయ్యడం. సుయ్‌మని ఒకేలా ఉంటే సరే. చిటచిటలు, టపటపలు ఉంటే వేరే తీగతో మళ్లీ చూసి, అప్పటికీ ఉంటే వాపసు. మైకు చుట్టూ తిరుగుతూ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం. వెనకకి వెళ్లేసరికి గొంతు బాగా సన్నగిల్లాలి. ముందూ వెనకా ఒకేలా వినిపిస్తే పెట్టె మీద రాసింది అబద్ధం. మూడోది స్టాండు మర. మైకు బిగింపు అయిదు బై ఎనిమిది అంగుళం, స్టాండు మూడు బై ఎనిమిది అయ్యే సందర్భాలు బోలెడు. మధ్యలో వేసే ఇత్తడి బుష్ చాలా చిన్నది, పెట్టె అడుగున అట్టకి అంటుకుపోయి ఉంటుంది, చెత్తలో పారెయ్యకముందే వెతకాలి.

చిటచిటలు కొత్త మైకుకే కాదు, కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో మంచి మైకుకీ ముసురు రోజుల్లో వస్తాయి. పొర మీద తేమ చేరి ఆవేశం కారిపోవడం వల్ల. రెండుమూడు గంటలు పొడి చోట ఉంచితే చాలాసార్లు అదే తగ్గుతుంది. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయర్ అసలు చూపించకూడదు, జాలీలోకి నోటితో ఊదకూడదు. పని అయ్యాక మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పడుకోబెట్టడమే. రంగు మారే గింజలైతే ఎప్పుడు మార్చాలో అవే చెబుతాయి.

పదకొండు దాటింది. ఫ్రిజ్ ఇప్పుడే ఆగింది. మళ్లీ మొదలయ్యేలోపు ఒక పల్లవి పడుతుంది.