బానెట్ మీద రేకు బిళ్ల

2013లో మొదటిసారి న్యూయార్క్‌లో దిగినప్పుడు జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి నేనెక్కిన పసుపు టాక్సీ డ్రైవరు బంగ్లాదేశ్ ఆయన. హిందీలో మాట కలిపి, ఈ బండే కాదు, మెడాలియన్ కూడా నా సొంతమే భాయ్ అన్నాడు. మా ఊళ్లో కొత్తగా రెండెకరాలు రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్ల ముఖంలో చూశాను అలాంటి సంతోషం.

మెడాలియన్ అంటే బానెట్ మీద బిగించే చిన్న రేకు బిళ్ల. పసుపు టాక్సీకి అది ఉంటేనే రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకునే హక్కు. 1937లో చట్టం చేసి వాటి సంఖ్య కట్టడి చేశారు, ఇప్పటికీ 13 వేల పైచిలుకే. సంఖ్య పెద్దగా పెరగదు కాబట్టి ధర పడదని డ్రైవర్లు నమ్మారు, నమ్మించారు కూడా. 2002లో సుమారు 2 లక్షల డాలర్లున్న బిళ్ల 2014కి 10 లక్షలు దాటింది. కొత్త బిళ్లల్ని వేలం వేసి అమ్మింది నగర ప్రభుత్వమే. అవి కొనడానికి, తీర్చగలడా లేదా అని చూడకుండా రుణసంస్థలు అప్పులిచ్చాయి, చాలామంది డ్రైవర్లు ఏళ్ల తరబడి వడ్డీ మాత్రమే కట్టారు, అసలు కదల్లేదు. ఊబర్ వచ్చాక ధర కుప్పకూలింది. 2018లో వరుసగా డ్రైవర్ల ఆత్మహత్యలు, వాళ్లలో ఈ అప్పులున్నవాళ్లూ ఉన్నారు.

ఒక తెలుగు వాళ్ల విందులో ఎవరో "చదువుకోనివాళ్లు, లెక్కలు తెలీక మునిగారు" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. రోజుకి పన్నెండు గంటలు బండి తోలి, అద్దె, పెట్రోలు, ఇంటికి పంపే డబ్బు పైసా పైసా లెక్క చూసుకునే మనిషికి లెక్కలు తెలీకపోవడమేంటి? ప్రభుత్వమే దగ్గరుండి అమ్ముతుంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు?

2021 అక్టోబరులో అప్పులు తగ్గించమంటూ డ్రైవర్లు సిటీ హాల్ బయట నిరాహార దీక్షకు కూర్చున్నారు, 15 రోజులు. వాళ్ల యూనియన్ నడిపేది గుజరాత్‌లో పుట్టిన భైరవి దేశాయ్. నవంబరు 3న ఒప్పందం కుదిరింది: అప్పు అసలును 1,70,000 డాలర్లకు తగ్గించి, నెల కిస్తీ 1,122 డాలర్లు దాటకుండా, ఆ అప్పుకి నగరం హామీ ఉండేలా. మనుషులు తిండి మానేస్తే గానీ ఆ హామీ రాలేదు.

అయితే అప్పటికే బిళ్లలు జప్తయినవాళ్లు చాలామంది. దాచుకున్నదంతా వడ్డీకే పోసి ఖాళీ చేతులతో మిగిలారు. వేలాల్లో వచ్చిన సొమ్ములోంచి వాళ్లకీ కొంత తిరిగివ్వాలని నేను ఇప్పటికీ అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను.