మూడు కిలోల బియ్యంతో మెట్రో ప్రయాణం

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి, కీబోర్డు ఒక పక్క పైకి లేవడంతో కొత్తది కొనక తప్పలేదు. నేను కామర్స్ అధ్యాపకుణ్ణి. నాగోలు నుంచి అమీర్‌పేటకు రోజూ మెట్రోలో వెళ్లి వస్తాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్లో దుకాణాలు తిరిగితే చివరికి రెండు మిగిలాయి. ఒకటి 1.3 కిలోల పల్చటిది. రెండోది విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న 2.4 కిలోలది, ఇటుకంత అడాప్టరును కలిపితే మూడు కిలోలు దాటుతుంది. ఒకేసారి డబ్బు పెడుతున్నప్పుడు బలమైనదే తీసుకోమని మా అబ్బాయి పట్టుబట్టాడు. వాడి దృష్టి గేముల మీద ఉందని నాకు తెలియకపోలేదు.

దుకాణంలో రెండు నిమిషాలు ఎత్తి చూస్తే ఏ బరువూ తెలియదు. అందుకని భుజానికి తగిలించుకునే బ్యాగులో మూడు కిలోల బియ్యం పెట్టుకుని మూడు రోజులు కళాశాలకు వెళ్లాను. రద్దీలో నిలబడి చేసిన ఆ ప్రయాణాల్లో, మూడో రోజుకు, ఎడమ భుజమే తన తీర్పు చెప్పేసింది.

అయినా పని ఆగిపోతుందేమోనన్న అనుమానం ఉండటంతో, ఇంట్లోని డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్, మెమరీల వాడకం చూపే టాస్క్ మేనేజర్ తెరిచి వారం రోజులు గమనించాను. ఎక్సెల్, ఇరవై బ్రౌజర్ ట్యాబులు, జూమ్ తరగతి కలిసి నడుస్తున్నప్పుడు కూడా ప్రాసెసర్ చాలాసేపు ఖాళీగానే ఉంది. మెమరీ, అంటే ర్యామ్ వాడకం మాత్రం 10 జీబీ దాకా వెళ్లింది. నాకు కావలసింది గ్రాఫిక్స్ కార్డు కాదు, 16 జీబీ ర్యామ్ అని అప్పుడు తేలింది. పల్చటి యంత్రాల్లో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది కనుక తర్వాత పెంచుకునే వీలుండదు. 8 జీబీది చవకగా ఇస్తామన్న దుకాణదారు మాట అందుకే వినలేదు.

పల్చటిదే కొన్నాను. దాని చిన్న ఫ్యాను వేడిని త్వరగా బయటికి పంపలేకపోతుంది. గంట నిడివి గల పాఠం వీడియోను ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే ప్రాసెసర్ కాసేపటికే వేగం తగ్గించుకుంటుంది. నేను దాన్ని రాత్రి భోజనానికి ముందు మొదలుపెట్టి వదిలేస్తాను. అసలు ఇబ్బంది మొదటి తరగతిలో ఎదురైంది: ప్రొజెక్టరు హెచ్‌డీఎంఐ తీగకు ఇందులో చోటే లేదు. అరవై మంది విద్యార్థుల ముందు ఆ రోజు సుద్దముక్కతోనే పాఠం చెప్పి, సాయంత్రం మళ్లీ సీటీసీకి వెళ్లి ఆ తీగను దీనికి కలిపే హబ్ కొన్నాను.