నాలుగూ మార్చాలన్నారు, పోయింది మూడోదే

పోయిన చలికాలంలో మా డీజిల్ కారు పొద్దునపూట మొరాయించడం మొదలుపెట్టింది. మొదట్లో రెండోసారి సెల్ఫ్ కొడితే అందుకునేది. సంక్రాంతి వచ్చేసరికి బ్యాటరీ నీరసపడేదాకా కొట్టినా స్టార్టయ్యేది కాదు. ఒకవేళ స్టార్టయినా ఇంజిన్ కుదుపులే. మిస్సింగ్, పికప్ లేకపోవడం, యాక్సిలరేటర్ తొక్కితే నల్లపొగ. మేముండేది తెనాలి. నాన్నని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి గుంటూరు తీసుకెళ్లాలి. ఆ బండి ఆగితే మాకు కుదరదు.

ఒక పెద్ద వర్క్‌షాపులో స్కానర్ పెట్టి చూశారు. పీ0269 అని కోడ్ వచ్చింది. "ఇంజెక్టర్లు పోయాయండీ, నాలుగూ మార్చాలి" అన్నారు. ఇంజెక్టరంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది, సిలిండర్‌కొకటి ఉంటుంది. కూలీతో కలిపి డెబ్బై వేల దాకా ఎస్టిమేటు రాసిచ్చారు. ఇంటికొచ్చి ఆ కోడ్ సంగతేంటో చూశాను. మూడో సిలిండర్ తన వంతు పని సరిగ్గా చేయడం లేదని దాని అర్థం. మిగతా మూడింటి ఊసే అందులో లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు మాత్రమే చూసే షెడ్డొకటి ఉందంటే అక్కడికి తీసుకెళ్లాను. పెద్దాయన బానెట్ ఎత్తి, "ముందు రిటర్న్ చూద్దాం బాబూ, కొనడం తర్వాత సంగతి" అన్నాడు. ఇంజెక్టర్లలో మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపడానికి వాటి తల మీదుండే సన్నటి రిటర్న్ పైపులు తీసి, వాటి చోట నాలుగు సెలైన్ గొట్టాలు తొడిగాడు. కొసలు నాలుగు చిన్న సీసాల్లో పెట్టి, ఇంజిన్‌ని మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాడు. మూడు సీసాల అడుగున కొంచెం కొంచెం డీజిల్ చేరింది. మూడో నంబరు సీసా మాత్రం మెడ దాకా నిండింది.

అప్పుడు విడమరచి చెప్పాడు. ఈ ఇంజిన్లో పంపు నెట్టే డీజిల్ అంతా రైలు అనే ఒకే గట్టి గొట్టంలోకి పోతుంది, అక్కణ్నుంచే నాలుగు ఇంజెక్టర్లూ తీసుకుంటాయి. సెల్ఫ్ తిరిగే ఆ కాసేపట్లోనే రైల్లో సుమారు 200 బార్ ఒత్తిడి పుట్టాలి, లేకపోతే బండిలోని కంప్యూటర్ ఇంజెక్టర్లని తెరవనివ్వదు. మూడోదాని లోపలి వాల్వు అరిగిపోయి, ఎక్కాల్సిన ఒత్తిడినంతా రిటర్న్‌లోకి వదిలేస్తోంది. కింద ఒక కుళాయి తెరిచి ఉంటే మేడ మీదికి నీళ్లెక్కవు కదా, అలాగన్నమాట. అందుకే మొత్తం ఇంజినే పోయినట్టు కనిపించింది.

ఇంతలో షెడ్డు కుర్రాడు, నడుస్తున్న ఇంజిన్ మీద, ఇంజెక్టర్‌కి డీజిల్ తెచ్చే పైపు నట్టు వదులు చేయబోయాడు. పాత డీజిల్ బళ్లలో ఏ సిలిండర్ మిస్సవుతోందో అలాగే పట్టుకునేవాళ్లు. పెద్దాయన ఒక్క అరుపు అరిచి స్పానర్ లాక్కున్నాడు. ఇలా అన్నిటికీ ఒకే రైలుండే కామన్‌రైల్ ఇంజిన్లో ఐడిల్ మీదే 250, 300 బార్ ఉంటుంది. నట్టు వదులైతే ఆ సందులోంచి వచ్చే డీజిల్ ధార చర్మం చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. పైకి సూదిగుచ్చినట్టే ఉంటుంది, లోపల కండ కుళ్లిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. ఇంట్లో సొంతంగా విప్పుకునేవాళ్లు ఈ ఒక్క మాట దయచేసి గుర్తుపెట్టుకోండి.

మూడో ఇంజెక్టర్ మసి పట్టి ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో బిగుసుకుపోయింది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా పోసి ఉంచి, మర్నాడు పుల్లర్‌తో లాగారు. కొత్తది బిగించారు. బండి వెంటనే అందుకుంది, కుదుపు సగం తగ్గింది. కానీ ఇంజిన్ దగ్గర చఫ్ చఫ్ మని చప్పుడు, కాలిన డీజిల్ వాసన. మళ్లీ విప్పాల్సొచ్చింది. పెద్దాయన టార్చి వేసి గుంటలోకి చూసి, "తప్పు మాదే బాబూ" అన్నాడు. ఇంజెక్టర్ కింద గ్యాస్ బయటికి రాకుండా ఆపే పాత రాగి వాషరు అడుగునే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే కొత్త వాషరు కూర్చుంది. కొక్కెం తీగతో పాతది తీశాడు. సీటు కట్టర్‌కి గ్రీజు పూసి, పొట్టు సిలిండర్లోకి జారకుండా చేత్తోనే మెల్లగా తిప్పుతూ, వాషరు కూర్చునే సీటు శుభ్రం చేశాడు. రాగి తళతళలాడే ఇంకో కొత్త వాషరు వేశాడు. ఒకసారి నలిగిన వాషరు మళ్లీ పనికిరాదట.

మిగిలిన కుదుపు కోడింగ్‌తో పోయింది. ప్రతి ఇంజెక్టర్ తల మీదా దానికే సొంతమైన కోడ్ చెక్కి ఉంటుంది, దాన్ని స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అప్పుడే అది ఎంతసేపు తెరవాలో బండికి తెలుస్తుంది. డీజిల్ ఫిల్టర్ కూడా మార్పించాను. పాత దాని అడుగున నీళ్లున్నాయి. బహుశా వాల్వుని తినేసింది ఆ నీళ్లే. మొత్తం ఇరవై వేలు దాటలేదు.

మర్నాడు పొద్దున్న డయాలసిస్ రోజు. నాన్న ముందు సీట్లో కూర్చోగానే తాళం తిప్పాను. ఒక్కసారికే అందుకుంది. ఆ నాలుగు సీసాల ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఇంజెక్టర్లన్నీ మార్చమన్నారని ఎవరు ఫోన్ చేసినా ముందు అదే పంపిస్తున్నాను.