మూడు పరీక్షలు, ఒకే గుర్రం

విశాఖ ఉక్కపోతకి గుర్రం కూడా మనలాగే ఒళ్ళంతా చెమటోడుస్తుంది, ఆ చెమటతో ఉప్పూ పోతుంది. అందుకే భీమిలి రోడ్డు వైపు మేం పెట్టుకునే చిన్న ఈవెంటింగ్ పోటీలు, అంటే ఒకే గుర్రంతో మూడు రకాల స్వారీ పరీక్షలు, తెల్లారకముందే మొదలవుతాయి. మా అమ్మాయి, అక్క, బావ, నేను, మాతో స్వారీ నేర్చుకున్న స్నేహితులు, అంతే జనం.

మొదట డ్రెస్సాజ్, అంటే చెప్పిన కదలికలన్నీ గుర్రం చేత పొందిగ్గా చేయించడం. చూసేవాళ్ళకి ఏమీ జరగనట్టే ఉంటుంది గానీ నా ప్రాణమంతా ఇందులోనే. కళ్ళెం గుంజకుండా, నడుం నిలిపి ఊపిరి వదిలితే గుర్రం ఆగాలి. మొన్న మా అమ్మాయి సరిగ్గా మధ్య గీత మీద ఆపి వందనం చేస్తే బావ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత క్రాస్ కంట్రీ: కదలని దుంగలు, గుంటలు దూకుతూ పరుగు. గుర్రం మొదటిసారి మొరాయిస్తే 20 పెనాల్టీలు. చివరిది షో జంపింగ్: తగిలితే పడిపోయే కర్రల మీంచి దూకాలి, కర్ర పడితే 4. మూడూ కలిపి తక్కువ పెనాల్టీలు వచ్చినవాళ్ళదే గెలుపు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశపు రౌతు ఫవాద్ మీర్జా వ్యక్తిగత రజతం తెచ్చింది ఈ ఈవెంటింగ్‌లోనే. జట్టుకీ రజతమే. మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

పెద్ద పోటీల్లో గుర్రాన్ని నడిపించి కుంటు ఉందేమో చూస్తారు. ఉంటే పోటీ అక్కడితో సరి. మేమూ అదే పాటిస్తాం, పిల్లలు ఏడ్చినా సరే.

అంతా అయ్యాక జీను దించి, నీళ్ళు పోసి, తుడిచి, మళ్ళీ పోస్తాం. దాని ఊపిరి కుదుటపడ్డాకే మాకు ఇడ్లీలు. వచ్చేసారి డ్రెస్సాజ్ వరకూ తనూ దిగుతానంది అక్క.