అంగీ తొడుక్కొస్త, జరాగుండ్రి

ముంబయి చర్చిగేట్‌లో లోకల్ రైలెక్కితే ఐదో స్టేషన్ మహాలక్ష్మి. దిగి వంతెన మీదికి రాగానే ధోబీ ఘాట్ మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది. 1890 నాటి రేవు. వరసగా సిమెంటు తొట్లు, తొట్టి తొట్టికీ ఒక బండ, పైన తాళ్ల నిండా దుప్పట్లు. చూడటానికొచ్చిన వాళ్లంతా ఆ వంతెన మీంచే ఫొటోలు తీసుకుంటారు. నేనూ రెండు తీశాను. రంగులు బాగానే వచ్చాయి గానీ మనుషులు చీమలంత ఉన్నారు. నేను వచ్చింది మొహాల కోసం.

మహానగరంలో ఒళ్లొంచి పనిచేసేవాళ్ల పోర్ట్రెయిట్లు తీద్దామని నాలుగు రోజులు పెట్టుకుని ముంబయి వెళ్లాను. మొదటి రోజంతా ఆఫీసులకు భోజనం డబ్బాలు చేరవేసే డబ్బావాలాలతోనే సరిపోయింది. మధ్యాహ్నం లోపు వాళ్లను ఆపకూడదు. మూతల మీద రంగుతో వేసిన గుర్తులు చూసి చకచకా వేరుచేసుకుని వెళ్లిపోతుంటారు. ఆ హడావిడిలో అడ్డంపడితే ఎక్కడో ఒకరికి అన్నం ఆలస్యమవుతుంది. ఖాళీ డబ్బాలతో తిరిగి వెళ్లేటప్పుడు అడిగితే ఒకాయన తెల్ల టోపీ సర్దుకుని రెండు నిమిషాలు ఇచ్చాడు. ఆ రోజుకు దక్కిన ఫొటో అదొక్కటే.

రెండో రోజు ఘాట్‌లోకి దిగి, కెమెరా సంచిలోంచి తీయకుండా గంటసేపు తిరిగాను. ఫోన్‌లో అక్కతో మాట్లాడుతుంటే పక్క తొట్టిలోంచి, “నీళ్లు వడ్తయ్ సార్, జర పక్కకు జరుగుండ్రి” అని వినిపించింది. ముంబయిలో తెలుగు వినబడటం వింతేమీ కాదు. అక్కడి కామాటిపుర పేటకు ఆ పేరొచ్చిందే మనవైపు నుంచి పనులకు వెళ్లిన కామాటీల వల్ల. అయినా ప్రాణం లేచొచ్చింది.

అరవై దాటిన మనిషి. పిక్కల దాకా నీళ్లలో నిలబడి, దుప్పటిని మెలిపెట్టి భుజం మీదుగా తిప్పి బండకేసి కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ నీటి తుంపరలు ఎండలో విచ్చుకుంటున్నాయి. ఆ క్షణమే కావాలనిపించి అడిగాను. ఆయన దుప్పటి వదిలేశాడు.

“ఉతుకుతుంటే దియ్యకుండ్రి. అంగీ తొడుక్కొస్త, జరాగుండ్రి.”

నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ గుర్తొచ్చాడు. 1950, 51ల్లో పారిస్, లండన్, న్యూయార్క్‌లలో పనివాళ్లను పని బట్టలతో, పనిముట్లతో స్టూడియోకి రమ్మని పోర్ట్రెయిట్లు తీశాడాయన. న్యూయార్క్‌లో కొందరు నున్నగా గడ్డం గీసుకుని, మంచి సూటు వేసుకుని దిగారట. ఆ సంగతి చదివినప్పుడు పాపం పెన్ అనుకున్నాను. ఆ సూటు వేసుకున్నవాళ్ల గురించి ఆలోచించింది మాత్రం ఇక్కడే, ఈ తొట్టి పక్కన. చెమటా కండలూ మాత్రమే తీస్తే వచ్చేది పని ఫొటో. ఈయన అడుగుతున్నది తన ఫొటో.

తడి చేత్తో జుట్టు దువ్వుకుని, చారల అంగీ వేసుకుని వచ్చాడు. నడినెత్తిన ఎండ. బయట నిలబెడితే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. ఆరేసిన రెండు తెల్ల దుప్పట్ల మధ్యకు తీసుకెళ్లాను. పై దుప్పటి ఎండను వడకట్టింది, పక్క దుప్పటి వెలుగును చెంప మీదికి మళ్లించింది. ఏ స్టూడియోలోనూ నాకు అంత మెత్తటి వెలుతురు దొరకలేదు. 50 ఎంఎం లెన్స్, అపర్చర్ (లెన్స్ ద్వారం) ఎఫ్ 4, మా మధ్య నాలుగడుగుల దూరం.

చేతులు వెనక్కి దాచుకున్నాడు. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగాను. కాసేపు ఆలోచించి ఆయనే బండ అంచు మీద పెట్టాడు. సబ్బునీళ్లకు నాని తెల్లబడ్డ వేళ్లు, బొటనవేలి పక్కన పగిలిన చర్మం. మొదటి ఐదు ఫొటోల్లో పాస్‌పోర్టుకు దిగినట్టు బిగుసుకుపోయాడు. ఆరోసారి పక్క తొట్టివాళ్లు మరాఠీలో ఏదో అన్నారు. నవ్వలేదు గానీ కళ్లు సడలాయి. అదే ఉంచుకున్నాను.

మూడో రోజు ప్రింటు పట్టుకెళ్లాను. ఇస్తానని ఇవ్వకుండా పోయేవాళ్లను ఆ రేవు చాలామందినే చూసి ఉంటుంది. నన్ను చూసి ఆయన ఆశ్చర్యపోవడం నాకు బాధ కలిగించింది. తువ్వాలతో రెండుసార్లు చేతులు తుడుచుకుని, అంచులు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఇస్త్రీ బట్టలకు తొడిగే ప్లాస్టిక్ కవర్ తెప్పించి అందులో పెట్టాడు.

“ఇంకొకటి ఉంటే ఊరికి పంపుత, ఇంట్లోళ్లు సూస్తరు” అన్నాడు.

ఆ సాయంత్రమే మళ్లీ ల్యాబ్‌కి వెళ్లాను.